వయసు మీదపడిన రేసర్ వేగాన్ని తూచేదెలా?

ఫార్ములా వన్‌లో నలభై ఏళ్లు దాటిన డ్రైవర్ వరసగా రెండు మూడు రేసుల్లో వెనకబడితే చాలు, ఆయన పని అయిపోయిందన్న మాట మొదలవుతుంది; ఆ తర్వాతి రేసులో మూడో స్థానం దక్కితే అవే నోళ్లు ఆయనను ఆకాశానికెత్తుతాయి. ఫలితంలో కారు వాటా ఎంత, మనిషి వాటా ఎంత అని విడదీయకుండా ఇచ్చే తీర్పులు కనుక ఈ రెండూ నిలబడవు. 2005, 2006 సంవత్సరాల్లో ప్రపంచ ఛాంపియన్‌గా నిలిచిన ఫెర్నాండో అలోన్సో చివరిసారి రేసు గెలిచింది 2013లో, స్పెయిన్‌లో. గెలుపే కొలమానమైతే ఆయన ప్రతిభ 31 ఏళ్లకే ముగిసిపోయిందనాలి. కానీ పదేళ్ల తర్వాత, 2023లో, ఆస్టన్ మార్టిన్ కారులో ఆయన ఎనిమిది సార్లు పోడియం (మొదటి మూడు స్థానాలవారి వేదిక) ఎక్కి, 206 పాయింట్లతో ఛాంపియన్‌షిప్‌లో నాలుగో స్థానంలో నిలిచారు.

కారుకూ డ్రైవర్‌కూ మధ్య ఈ వాటాల లెక్కను గణాంక శాస్త్రంతో తేల్చేందుకు బ్రిటన్‌లోని షెఫీల్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చేసిన ప్రయత్నం 2016లో వెలువడింది. 1950 నుంచి 2014 వరకు జరిగిన రేసుల ఫలితాలను విశ్లేషించిన ఆ అధ్యయనం, ఫలితాల్లోని తేడాలపై డ్రైవర్ ప్రభావం కంటే జట్టు ప్రభావం సుమారు ఆరు రెట్లు ఎక్కువని తేల్చింది. జట్టు బలాన్ని పక్కన పెట్టి చూస్తే ఆ జాబితాలో మొదటి పేరు హువాన్ మాన్యువల్ ఫాంజియోది. ఆయన తన ఐదో ప్రపంచ టైటిల్‌ను 1957లో, 46 ఏళ్ల వయసులో గెలిచారు. ఆ ఏడాది జర్మనీలోని నూర్బర్గ్‌రింగ్‌లో, 22.8 కిలోమీటర్ల ల్యాప్‌ను 9 నిమిషాల 25.6 సెకన్లలో చుట్టి పోల్ (అందరికంటే ముందు నుంచి బయలుదేరే స్థానం) సాధించిన ఆయనే, రేసులో వెనకబడ్డాక అదే ల్యాప్‌ను 9 నిమిషాల 17.4 సెకన్లలో పూర్తి చేశారు. ఆ రోజు ఆయన ముందున్న ఇద్దరు ఫెరారీ డ్రైవర్లూ వయసులో ఆయనకంటే చాలా చిన్నవాళ్లు.

అయితే ఈ కాలపు డ్రైవర్‌ను తూచడానికి అన్నిటికంటే దగ్గరి గీటురాయి ఆయన సహచర డ్రైవరే. ఒకే జట్టు, దాదాపు ఒకే కారు, ఒకే ట్రాక్, ఒకే రోజు. అందులోనూ క్వాలిఫయింగ్ (రేసులో ఎవరు ఏ స్థానం నుంచి బయలుదేరాలో తేల్చే పోటీ) ల్యాపులను పోల్చడం మేలు, ఎందుకంటే రేసులో ఇంధనం బరువు పది కిలోలు ఎక్కువైతేనే ల్యాప్‌కు సుమారు 0.3 సెకన్లు పోతాయి, టైర్ల అరుగుదల, ముందున్న కారు అడ్డంకి దానికి తోడవుతాయి. ట్రాక్‌ల పొడవు ఒకటి కాదు కాబట్టి తేడాను సెకన్లలో కాక శాతాల్లో చూడాలి. వర్షంలో చెడిపోయిన ఒక్క ల్యాప్ మొత్తం లెక్కను తారుమారు చేయకుండా, సగటు బదులు మధ్యస్థ విలువను తీసుకోవాలి.

ఆ తేడా ఎక్కడ పుడుతుందో ల్యాప్ పొడవునా ఇద్దరి వేగాలను చూపే గ్రాఫ్ గీతలను ఒకదానిపై ఒకటి పరిచి చూస్తే తెలుస్తుంది. తిన్నని దారిలో గీతలు కలిసే సాగుతాయి, బ్రేక్ వేసే చోటు కూడా చాలాసార్లు ఒకటే. విడిపోయేది మలుపు లోపలే: ఒకరు స్టీరింగ్ తిప్పుతూ బ్రేక్‌ను కొంచెం కొంచెంగా వదులుతారు, మరొకరు ఒక్క క్షణం ముందుగా వదిలేస్తారు, దాంతో ముందు టైర్ల పట్టు తగ్గి కారు మలుపు బయటి అంచు వైపు పోతుంది, యాక్సిలరేటర్ తొక్కడం ఆలస్యమవుతుంది. సెకనులో ఇరవయ్యో వంతు అక్కడ పోతే, అలాంటి మలుపులు నాలుగు కలిసేసరికి గ్రిడ్‌లో (రేసు మొదలయ్యే వరసలో) నాలుగైదు స్థానాలు జారిపోవచ్చు. కంటిచూపు మందగించిందనో, ధైర్యం తగ్గిందనో మనం బయటి నుంచి అనే మాటలకు లోపల కనిపించే రూపం ఇంత చిన్నది.

ఈ పోలికలోనూ యాదృచ్ఛికత దాగి ఉంటుంది. సీజన్‌కు 24 రేసులు అనుకుందాం. ప్రతిభలో సరిసమానులైన ఇద్దరు నాణెం ఎగరేసినట్టు క్వాలిఫయింగ్‌లో పోటీపడినా, ఎవరో ఒకరు 15-9 లేదా అంతకంటే ఎక్కువ తేడాతో పైచేయి సాధించే అవకాశం పదింట మూడు వంతులుంటుంది. కాబట్టి ఒక్క సీజన్ 15-9ని పట్టుకుని పెద్దాయన వెనకబడ్డాడని తేల్చేయడం తొందరపాటే. అదే తేడా రెండు మూడేళ్లు ఒకే దిక్కున సాగితే మాత్రం దాన్ని అదృష్టం మీదికి నెట్టలేం.

నన్ను ఇంతకంటే ఎక్కువగా ఆలోచింపజేసేది గీటురాయి తానే కదులుతూ ఉండటం. స్టేషన్‌లో మన రైలు కదిలిందో పక్క రైలు కదిలిందో ఒక్క క్షణం తెలియనట్టు, ఎదుగుతున్న కుర్రవాడి పక్కన పెద్దాయనకు వచ్చిన తేడా ఆయన తగ్గినందువల్లా, అతను పెరిగినందువల్లా అన్నది ఇద్దరినే చూస్తే తేలదు. 2023లో అలోన్సో 206 పాయింట్లు తెస్తే సహచరుడు లాన్స్ స్ట్రోల్ 74 తెచ్చాడు. ఆ అంతరం విలువ తెలియాలంటే స్ట్రోల్‌ను అంతకుముందు సహచరులైన సెబాస్టియన్ వెటెల్, సెర్జియో పెరెజ్‌లతో, వాళ్లను వాళ్ల పాత సహచరులతో పోలుస్తూ గొలుసులా వెనక్కి పోవాలి. ఆ గొలుసులో ప్రతి కొలతా కొంత పొరపాటును మోసుకొస్తుంది.

క్వాలిఫయింగ్ వేగం పూర్తి ప్రతిభ కూడా కాదు. 1984లో మెక్‌లారెన్‌లో అలెన్ ప్రోస్ట్ దాదాపు ప్రతి క్వాలిఫయింగ్‌లోనూ నికి లాడాను మించాడు, ఏడు రేసులు గెలిచాడు. ఐదే గెలిచిన 35 ఏళ్ల లాడా 72 పాయింట్లతో, ప్రోస్ట్ 71.5 దగ్గర ఆగిపోగా, ఛాంపియన్ అయ్యాడు. నలభై ఏళ్ల తర్వాత, 2024లో, లూయిస్ హామిల్టన్ క్వాలిఫయింగ్‌లో జార్జ్ రస్సెల్ ముందు 5-19తో తేలిపోయినా, పాయింట్లలో 223తో రస్సెల్ 245కి దగ్గరగానే నిలిచాడు. ఒక్క ల్యాప్‌లో టైరును పూర్తిగా పిండుకోవడం ఒక విద్య, అదే టైరును ముప్పై ల్యాపులు కాపాడుకోవడం మరో విద్య. వయసు ఈ రెండింటినీ ఒకే వేగంతో తీసుకుపోదు.

శరీరం మాట కాదనలేనిది. గట్టిగా బ్రేక్ వేసినప్పుడు తల, హెల్మెట్ల బరువు మెడ మీద ఐదు రెట్లుగా పడుతుంది, వేడిలో రేసు ముగిసేసరికి ఒంట్లోని నీరు రెండు మూడు కిలోలు తగ్గవచ్చు. ప్రతిస్పందన వేగం మాత్రం జనం అనుకున్నంత త్వరగా పడిపోదు. ఇరవై నుంచి నలభై ఏళ్లకు వచ్చేసరికి తగ్గేది సెకనులో చిన్న భాగమే. పైగా డ్రైవర్ ఎక్కువగా ఆధారపడేది ప్రతిస్పందన మీద కాదు, ముందే పసిగట్టడం మీద. కారు వెనక భాగం జారకముందే చేతులు కదిలే ఆ నేర్పు ఏళ్లతో పెరుగుతుంది. కానీ నలభై ఏళ్లవాళ్లంతా బాగానే నడుపుతున్నారని దీన్నుంచి తేల్చకూడదు. తగ్గిపోయినవాళ్లు అప్పటికే సీటు కోల్పోయి ఉంటారు, మనకు కనిపించేది మిగిలినవాళ్లే.

పాయింట్ల పట్టిక ఎంత మోసం చేయగలదో చెప్పడానికి మైకేల్ షుమాకర్ పునరాగమనం కంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. మూడేళ్ల విరామం తర్వాత 41 ఏళ్ల వయసులో 2010లో మెర్సిడెస్‌లోకి వచ్చినప్పుడు ఆయనకు తెలిసిన, గాడులున్న టైర్లు లేవు, రేసు మధ్యలో ఇంధనం నింపుకోవడం లేదు, సీజన్ నడుమ సాధనకు అనుమతీ లేదు. ఆ ఏడాది సహచరుడు నికో రోస్‌బర్గ్‌కు 142, ఆయనకు 72 పాయింట్లు. 2012లో 93, 49. రెండేళ్లూ దాదాపు సగమే. కానీ 2010లో ఆయన నిజంగానే నెమ్మదిగా ఉన్నారు; 2012లో చైనాలో రెండో స్థానంలో ఉండగా చక్రం సరిగ్గా బిగించకపోవడంతో, కెనడాలో వెనక రెక్క తెరుచుకుని ఇరుక్కుపోవడంతో తప్పుకోవాల్సి వచ్చింది. అదే ఏడాది మొనాకోలో, 43 ఏళ్ల వయసులో, క్వాలిఫయింగ్‌లో అందరికంటే వేగవంతమైన ల్యాప్ ఆయనదే. అంతకుముందు స్పెయిన్‌లో పడిన శిక్ష వల్ల ఆరో స్థానం నుంచి బయలుదేరారు.

అలోన్సో విషయంలో నా తీర్పు 2023 బ్రెజిల్ రేసు చివరి ల్యాపులను చూశాక స్థిరపడింది. వెనక పెరెజ్ నడుపుతున్నది ఆ ఏడాది అన్నిటికంటే వేగవంతమైన రెడ్‌బుల్. ముందున్న కారు చెదరగొట్టిన గాలిలో వెనకవాడి టైర్లు పట్టు కోల్పోయేలా, తాను మాత్రం తిన్నని దారిలోకి వేగంగా బయటపడేలా, అలోన్సో మలుపుల్లో గీతను మారుస్తూ ల్యాపుల తరబడి అతన్ని ఆపారు. 71 ల్యాపుల రేసులో 70వ ల్యాప్‌లో పెరెజ్ చివరికి దాటేశాడు. చివరి ల్యాప్‌లో నాలుగో మలుపు దగ్గర 42 ఏళ్ల ఆ డ్రైవర్ మళ్లీ ముందుకొచ్చి, 0.053 సెకన్ల తేడాతో మూడో స్థానాన్ని దక్కించుకున్నారు. పట్టికలో ఆయనకు 15 పాయింట్లు, పెరెజ్‌కు 12 నమోదయ్యాయి.