గూఢచారి షూటర్ గేముల మీద అపోహలు - వాస్తవాలు, గార్డుల బుర్ర రాసేవాడి మాటల్లో

బెంగళూరులో పదకొండేళ్ళుగా గేములు చేస్తున్నా. నా పని ఎక్కువగా శత్రువుల బుర్ర, అంటే గార్డు మిమ్మల్ని ఎప్పుడు చూడాలి, ఎప్పుడు చూసీ చూడనట్టు పోవాలి అనేది రాసేది నేనే. పండక్కి ఊరెళ్తే "ఇంకా ఆటలేనా నాయనా" అంటారు, ఇక్కడ మారతహళ్ళి మెస్సులో పప్పు కలుపుకుంటుంటే పక్క టేబుల్ తమ్ముళ్ళు "అన్నా, సినిమా గేములన్నీ చెత్తే కదా" అంటారు. మొదటిదానికి నా దగ్గర సమాధానం లేదు, రెండోదానికి ఉంది.

అపోహ: సినిమా మీద చేసిన గేమంటే చెత్తే.

వాస్తవం: చెడగొట్టేది సినిమా కాదు, రిలీజ్ డేటు. సినిమా శుక్రవారం వస్తుంటే గేమ్ కూడా అదే శుక్రవారం రావాలంటారు, అక్కడే సగం చస్తుంది. జేమ్స్ బాండ్ గోల్డెన్‌ఐ సినిమా 1995 నవంబర్‌లో వచ్చింది, దాని మీద ఇంగ్లండ్‌లో రేర్ స్టూడియో వాళ్ళు నింటెండో 64కి (టీవీకి తగిలించి ఆడే గేమ్ మెషీను) చేసిన గేమ్ 1997 ఆగస్టులో వచ్చింది. అంటే సినిమా థియేటర్లలోంచి పోయి, జనం మర్చిపోయాక. చిన్న టీము, చాలామందికి అదే మొదటి గేమ్. అయినా 80 లక్షల కాపీలు దాటి అమ్ముడైంది. ఆలస్యమైంది కాబట్టే బాగుందని నేను బల్ల గుద్ది చెప్తా.

మా సంగతి చూడండి. ఒక తెలుగు సినిమాకి ఫోన్ గేమ్ చెయ్యమన్నారు, నాలుగు నెలలు టైమిచ్చారు, అందులో హీరో మొహం ఓకే అవ్వడానికే రెండున్నర నెలలు పోయింది, మిగతాది రాత్రుళ్ళు ఆఫీసులోనే పడుకుని లాగించాం, తీరా చూస్తే సినిమా వాయిదా పడిందని టీ బండి దగ్గర ఫోన్‌లో న్యూస్ చూస్తే తెలిసింది, మాకు ఒక్కడూ చెప్పలేదు.

అపోహ: సినిమా సీన్లు వరసగా పెట్టేస్తే లెవెళ్ళు అయిపోతాయి.

వాస్తవం: సీన్ కాదు కావాల్సింది, చోటు. గోల్డెన్‌ఐ సినిమా మొదట్లో బాండ్ డ్యామ్ మీంచి దూకుతాడు (అది తీసింది స్విట్జర్లాండ్‌లో, 220 మీటర్ల డ్యామ్), చూస్తే ఒక్క దూకుడే. గేములో అదే డ్యామ్ కాపలా టవర్లు, సొరంగం, లారీ అన్నీ కలిపి పూర్తి లెవెల్ అయింది, దూకడం చివర్లో. వాళ్ళు సినిమా సెట్‌కి వెళ్ళి ఫొటోలు తీసుకున్నారు, చాలాచోట్ల ముందు గదులు కట్టేసి ఆ తర్వాత ఈ గదిలో ఏం పని పెడదాం అని ఆలోచించారు. అందుకే అందులో పనికిరాని గదులు కూడా ఉంటాయి, అవే దాన్ని నిజమైన బిల్డింగులా చేశాయి. మన దగ్గర పనికిరాని గది పెడితే ప్రొడ్యూసర్ మొదట అడిగేది "ఇదెందుకు?" అనే.

అపోహ: గార్డు ఎంత తెలివిగా ఉంటే గేమ్ అంత బాగుంటుంది.

వాస్తవం: తెలివైన గార్డుని చెయ్యడం ఐదు నిమిషాల పని. మీరెక్కడున్నారో కోడుకి ఎప్పుడూ తెలుసు, గోడవతల దాక్కున్నా తెలుసు. కష్టమంతా వాడికి తెలిసినదాన్ని దాచిపెట్టడంలోనే ఉంది. వాడికి చూపు ఇంత మేర, వినికిడి ఇంత దూరం అని కొలిచి ఇస్తాం, పట్టుబడ్డప్పుడు ఆడేవాడు "ఛ, నాదే తప్పు" అనుకోవాలి, "ఇదేం అన్యాయం" అనుకున్నాడంటే నేను ఫెయిలయినట్టే.

ఒకసారి రెండంతస్తుల లెవెల్లో కింద వంటగదిలో నడిస్తే పైన బెడ్రూమ్ గార్డు పరిగెత్తుకొచ్చేస్తున్నాడు. చూస్తే, అడుగుల చప్పుడు ఆరు మీటర్లు వినపడుతుందని పెట్టా, దూరం తిన్నగా గీత గీసి కొలిచా, మధ్యలో శ్లాబు ఉందన్న సంగతే కోడుకి తెలీదు. సరే అని నడిచి వెళ్ళే దారిని బట్టి దూరం లెక్కేసేలా మార్చా, హాయిగా ఉంది. రెండ్రోజుల తర్వాత టెస్టర్ (గేమ్ ఆడి తప్పులు పట్టేవాడు) బగ్ రాశాడు: "గార్డుకి చెవుడు". తలుపు మూస్తే దారే లేదు కదా, దారి లేకపోతే దూరం అనంతం, వీపు వెనకాల తుపాకీ పేల్చినా వాడు కిటికీలోంచి చెట్లు చూస్తూ నిలబడ్డాడు. చివరికి అడుగులకి దారి లెక్క, తుపాకీకి తిన్నగా గీత లెక్క, తలుపు మూసుంటే చప్పుడు సగం.

గోల్డెన్‌ఐలో ఆ రోజుల్లోనే ఈ చెవుల పని బాగా చేశారు. సైలెన్సర్ తుపాకీతో ఒక్కో గుండు కాలిస్తే పక్కవాళ్ళకి తెలీదు, మోత మోగిస్తే గుంపుగా దిగుతారు. పనిలేనప్పుడు గార్డులు గోక్కుంటారు, ఈగలు తోలుకుంటారు. చూడ్డానికి చిన్న విషయమే గానీ ఈగని తోలేవాణ్ణి కాల్చేముందు మనం ఒక్క క్షణం ఆగుతాం.

అపోహ: గేములో గుండు నిజంగా ఎగురుతుంది.

వాస్తవం: చాలా షూటర్లలో ఎగరదు. నొక్కగానే ఒక గీత గీసి ఏం తగిలిందో చూస్తాం, అంతే. కనిపించే మెరుపంతా అలంకారం.

అపోహ: మంచి గేముకి పెద్ద మెషీను కావాలి.

వాస్తవం: గోల్డెన్‌ఐ గేమంతా 12 ఎంబీ కార్ట్రిడ్జ్‌లో (మెషీన్లో గుచ్చే గేమ్ డబ్బీ) పట్టింది, నింటెండో 64 మెమరీ 4 ఎంబీ. పొద్దున్నే మావయ్య వాట్సాప్‌లో పంపే గుడ్ మార్నింగ్ వీడియోలు రెండు కలిపితే దాన్ని దాటేస్తాయి. గొప్పగా నడిచేదని మాత్రం అనను, నలుగురు కాల్చుకుంటుంటే స్క్రీన్ నత్తలా పాకేది. ఆ నలుగురు ఆడే మల్టీప్లేయర్ కూడా ముందు ప్లానులో లేదు, చివరి నెలల్లో చేర్చారు, జనం గుర్తుపెట్టుకున్నది దాన్నే.

అపోహ: చంపడం చూపించేవాళ్ళకి దాని గురించి ఆలోచనే ఉండదు.

వాస్తవం: నింటెండోలో మారియోని పుట్టించిన మియామోటో గోల్డెన్‌ఐ గేమ్ చూసి, చివర్లో బాండ్ ఆసుపత్రికెళ్ళి శత్రువులందరితో చెయ్యి కలిపితే బాగుంటుందని సలహా పంపాడు. టీము అది చెయ్యలేదు గానీ ఆఖర్న పాత్రలన్నిట్నీ నటుల్లా పేరుపేరునా పరిచయం చేశారు, ఇదంతా నాటకమే అన్నట్టు. నాకైతే చేతులు కలిపే సీనే ఉంటే భలే ఉండేదనిపిస్తుంది.

అపోహ: మీరు రోజంతా ఆటలాడుకుంటారు కదా.

వాస్తవం: ఆ చెవుడు గార్డు బగ్ రాసిన టెస్టర్ మా ఒంగోలు కుర్రాడే. అది సరయ్యేదాకా వారం పాటు ఒకటే తలుపు మూస్తూ తీస్తూ గడిపాడు. "అన్నా, పీజీలో బాత్రూం తలుపేశాక కూడా ఒక్క సెకను ఆగి వింటున్నా" అన్నాడు.