మనమా, మేమా?

"అంకుల్, ఆదివారం మనం నంది హిల్స్‌కి వెళ్తున్నాం!" అంది మా పక్కింటి పాప, గుమ్మంలో నిలబడి.

"మనమా? నన్నూ తీసుకెళ్తారా?" అన్నాను.

పాప తడబడింది. "కాదు, నేనూ, అమ్మా, నాన్నా."

వాళ్ళది అనంతపురం. పాప పుట్టింది బెంగళూరులోనే. బడిలో ఇంగ్లీషు, కింద ఆటల్లో కన్నడం, ఇంట్లో తెలుగు. ఇప్పటి కన్నడంలో మనం, మేము రెంటికీ ఒకటే మాట, నావు. ఇంగ్లీషులోనూ ఒకటే. మనకు మాత్రం వింటున్న మనిషిని కలుపుకుంటే మనం, బయట ఉంచితే మేము. తమిళంలోనూ ఇదే తేడా: నామ్, నాంగళ్.

బడిలో ఈ రెంటినీ 'ఉత్తమ పురుష బహువచనం' అని ఒకే గడిలో రాయించి వదిలేస్తారు. నాకు నిజంగా బాధేస్తుంది. "వెళ్తున్నాం" అన్న క్రియలో ఎవరెవరో తేలదు. "వెళ్దాం" అంటే మాత్రం వినేవాళ్ళు చేరిపోయినట్టే, "మేము వెళ్దాం" అని ఎవరూ అనరు. అంటే మనమో, మేమో అనే ప్రతిసారీ ఎదుటి మనిషి గీతకు లోపలా, బయటా అన్నది మనం తేల్చుకోవాల్సిందే.

ఆ గీత ఒకచోట నిలవదు. అక్కతో "మన అమ్మ" అన్నవాడు, మరుక్షణం ఫోనులో స్నేహితుడితో "మా అమ్మ" అంటాడు. ఒక్కడే కొడుకైనా "నా అమ్మ" అనడు. భార్య కూడా "మా ఆయన" అంటుంది. పక్క టీముతో "మా టీమ్" అని వాదించిన మనిషే, కస్టమర్ ముందు ఆ టీమునీ కలుపుకుని "మా కంపెనీ" అంటాడు. బెంగళూరు మారతహళ్ళిలో బస్సెక్కాక వెనక సీట్లో తెలుగు వినపడితే "మనవాళ్ళే" అనుకుంటాం. అదే మనుషులు హైదరాబాద్‌లో కనిపిస్తే ఏ జిల్లా అని అడుగుతాం. అత్తగారు కొత్త కోడలితో "మా ఇంట్లో ఇలా చేయం" అనడం వేరు, "మన ఇంట్లో ఇలా చేయం" అనడం వేరు. ఆ ఇంట్లో తనెవరో ఆ పిల్లకు ముందు తెలిసేది ఆ చిన్న మాటలోనే.

ఎదుటివాళ్ళు మనల్ని ఎలా చూస్తున్నారని అనుకుంటామో దాన్నిబట్టే 'నేను' తయారవుతుందని అమెరికన్ సమాజశాస్త్రవేత్త చార్లెస్ కూలీ 1902లోనే రాశాడు. మనస్తత్వవేత్త హెన్రీ టాజ్‌ఫెల్ బృందం ఇంగ్లాండులోని బ్రిస్టల్‌లో చేసి 1971లో ప్రచురించిన ప్రయోగాల్లో ఒకదాంట్లో, బడి పిల్లలను ఇద్దరు చిత్రకారుల బొమ్మల్లో ఏవి నచ్చాయన్న మిషతో రెండు గుంపులు చేశారు. తమ గుంపులో ఇంకెవరున్నారో కూడా తెలియకుండానే, పిల్లలు తమ గుంపువాళ్ళకే ఎక్కువ డబ్బు పంచారు. 1990లో వచ్చిన మరో అధ్యయనం నాకు మరీ ఇష్టం. అర్థం లేని అక్షరాల ముక్కలను కొన్నిటిని 'మనం' లాంటి ఇంగ్లీషు మాటలతో, కొన్నిటిని 'వాళ్ళు' లాంటి మాటలతో జతచేసి చూపించారు. తర్వాత అడిగితే, 'మనం' పక్కన కనిపించిన ముక్కలే జనానికి ఎక్కువ హాయిగా తోచాయి. దీన్ని తెలుగులో, మనం ఒకవైపు, మేము ఒకవైపు పెట్టి చేయాలని నాకెంత ఆశో!

మనిషి స్వభావం పుట్టిన నక్షత్రంతోనే ఖాయమైపోతుందని నమ్మేవాళ్ళు, ఒక్కరోజు తమ నోట్లో మా, మన ఎన్నిసార్లు మారాయో లెక్కపెట్టి చూడాలి.

పాపకు తేడా విడమరిచి చెప్పాను. కాసేపు ఆలోచించింది.

"అయితే మీరూ రండి అంకుల్, అప్పుడు మనమే అవుతుంది కదా!"