దగ్గు తగ్గలేదంటే జబ్బు తగ్గనట్టేనా?

వానలు మొదలయ్యాయంటే బెంగళూరు మారతహళ్ళిలో మా క్లినిక్ పీజీ హాస్టళ్ళ పిల్లలతో నిండిపోతుంది. సగం మంది మనవాళ్ళే. ఒకే గదిలో ముగ్గురికి జలుబు అంటుకుంటుంది. ఒకడు నాలుగో రోజుకి ఆఫీసుకెళ్తాడు, ఇంకొకడు మూడు వారాలు దగ్గుతూనే ఉంటాడు.

అపోహ: దగ్గు ఉన్నంతకాలం వైరస్ లోపలే ఉన్నట్టు.

మొన్న ఒకబ్బాయి పదహారో రోజున వచ్చాడు. జ్వరం నాలుగో రోజే పోయింది. మెడికల్ షాపులో అడిగి అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ కూడా మింగేశాడు. కదిరి నుంచి వాళ్ళమ్మ స్పీకర్ ఫోనులో, "ఇంకో కోర్సు రాసేయండి సార్!"

వాస్తవం: వైరస్ పోయినా, అది దెబ్బతీసిన శ్వాసనాళాల లోపలి పొర మళ్ళీ పెరగాలి. అందాకా ఏసీ గాలి తగిలినా, గట్టిగా నవ్వినా దగ్గే. జలుబు దగ్గు సగటున రెండున్నర వారాలుంటుంది, కొందరికి 8 వారాలూ పడుతుంది. యాంటీబయాటిక్ వైరస్‌ని ఏమీ చేయలేదు. తగ్గే రోజుకి ముందు ఏ మందు పడితే ఆ మందుకి పేరొస్తుంది, అంతే.

"రోజుకెన్ని సిగరెట్లు?" అన్నాను. అబ్బాయి ఫోన్ మ్యూట్‌లో పెట్టి, నాలుగు వేళ్ళు చూపించాడు. కఫాన్ని పైకి నెట్టే సన్నని నూగు ఒకటి శ్వాసనాళాల్లో ఉంటుంది. పొగకి అది మొద్దుబారిపోతుంది. గదిలో మిగతా ఇద్దరికీ ఇతనికీ తేడా చాలావరకు అక్కడే ఉందని నా అనుమానం. ఆస్తమా, షుగర్, పెద్ద వయసు ఉన్నా ఇలాగే సాగుతుంది.

కఫం ఆకుపచ్చగా వస్తే బ్యాక్టీరియా అనుకోవడమూ అపోహే. ఆ రంగు మన తెల్లరక్తకణాల్లోని ఎంజైమ్‌ది. పెరుగన్నం తింటే ఆలస్యమవుతుందన్నదీ అంతే (మా అమ్మ మాత్రం ఇప్పటికీ ఒప్పుకోదు).

ఫ్లూ సంగతి వేరు. దాని వైరస్ మీద పనిచేసే ఒసెల్టమివిర్ మందుని లక్షణాలు కనిపించిన 48 గంటల్లోపు మొదలుపెడితే ఒక రోజు ముందుగా తేరుకుంటారు. గర్భిణులు, 65 దాటినవాళ్ళు, షుగర్, ఆస్తమా ఉన్నవాళ్ళు ఆ రెండు రోజులూ ఇంట్లో కషాయాలతో గడిపేయకండి.

జ్వరం తగ్గి మళ్ళీ తిరగబెట్టినా, ఆయాసం వచ్చినా, రక్తంలో ఆక్సిజన్ 94 శాతం కంటే తగ్గినా, కఫంలో రక్తం కనిపించినా అదే రోజు రండి. మన దేశంలో దగ్గు రెండు వారాలు దాటితే టీబీ పరీక్ష చేయించాలి. అందుకే ఆ అబ్బాయినీ కఫం పరీక్షకు, ఎక్స్‌రేకి పంపాను. రెండూ బాగానే వచ్చాయి. సిగరెట్ల సంగతి మాత్రం అమ్మకి చెప్పొద్దన్నాడు.