కిడ్నీ జబ్బులో రక్తం తగ్గితే బీట్‌రూట్‌తో తీరదు

కిడ్నీ పేషెంట్ ఉన్న ఇంట్లో హిమోగ్లోబిన్ 8 అని రిపోర్ట్ వచ్చిందంటే చాలు, ఆ సాయంత్రం నుంచే బీట్‌రూట్ జ్యూస్, దానిమ్మ, ఖర్జూరం మొదలైపోతాయి, చూడ్డానికొచ్చిన చుట్టాలు తలా ఒకటి చెప్తారు, సరిగ్గా తినట్లేదు అందుకే ఒంట్లో రక్తం లేదు అని తేల్చేస్తారు కూడా. ప్రేమతోనే చెప్తారు. కానీ కిడ్నీ జబ్బులో రక్తం తగ్గడానికి అసలు కారణం చాలామందిలో తిండి కాదు, పైగా ఆ లిస్టులో ఉన్నవన్నీ పొటాషియం బాగా ఉన్నవి, దెబ్బతిన్న కిడ్నీలు దాన్ని బయటికి పంపలేక రక్తంలో పేరుకుంటే గుండె లయే తప్పుతుంది, ప్రాణం మీదికొస్తుంది.

కిడ్నీ అంటే మూత్రం తయారుచేసేది అని మాత్రమే మనకి తెలుసు. దానికి ఇంకో పెద్ద పని ఉంది, రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో ఎప్పుడూ కనిపెట్టుకుని ఉండి, తగ్గినట్టు తెలియగానే ఎరిత్రోపొయిటిన్ అనే హార్మోన్ వదులుతుంది, డాక్టర్లు ఈపీఓ అంటారు. అది ఎముకల్లో ఉన్న మూలుగకి చేరితేనే కొత్త ఎర్ర రక్తకణాలు సరిపడా తయారవుతాయి. ఒక్కో ఎర్రకణం బతికేది సుమారు 120 రోజులే, కిడ్నీ చెడితే అంతకన్నా తక్కువ, కాబట్టి కొత్తవి వస్తూనే ఉండాలి. ఇటుకలు, సిమెంటు అన్నీ దించేసి మేస్త్రికి కబురు పెట్టకపోతే గోడ లేవదు కదా, ఈపీఓ లేకుండా ఎంత తిన్నా ఇంతే. కణానికి ఆక్సిజన్ తగ్గిన సంగతి ఎలా తెలుస్తుందో కనిపెట్టినందుకే కేలిన్, రాట్‌క్లిఫ్, సెమెంజా అనే ముగ్గురికి 2019లో నోబెల్ ఇచ్చారు.

శ్రీకాకుళం జిల్లాలోని మన ఉద్దానం గురించి ఇక్కడ చెప్పాలి. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వైపు షుగరూ బీపీ లేనివాళ్ళకి కూడా కిడ్నీలు పోతున్నాయి, కారణం ఇంకా తేలలేదు. అక్కడ జబ్బు ఎక్కువగా మొదలయ్యేది కిడ్నీలోని సన్నటి గొట్టాల్లోనూ వాటి మధ్య ఉండే కణజాలంలోనూ, ఈపీఓ తయారుచేసే కణాలుండేది కూడా సరిగ్గా ఆ మధ్య భాగంలోనే, అది మచ్చకట్టి గట్టిపడేకొద్దీ హార్మోన్ తగ్గిపోతుంది. కాళ్ళవాపు లాంటివి లేకపోతే మనిషికి జబ్బుందని అనుమానమే రాదు, జీడి తోటలో పనికెళ్ళి మధ్యాహ్నానికే కూలబడిపోతుంటే ఎండదెబ్బ అనో వయసు అనో అనుకుంటారు. నాలుగడుగులేస్తే ఆయాసం, చలి, ఏ పనిమీదా మనసు నిలవకపోవడం, ఇవన్నీ రక్తం తగ్గిన గుర్తులు. ఆ నీరసానికి కొబ్బరినీళ్ళు తాగిస్తే, కొబ్బరితోటల ఊళ్ళలో అదే కదా ముందు చేతికొచ్చేది, దాంట్లోనూ పొటాషియమే.

తగ్గిన ఈపీఓని ఇప్పుడు ఇంజెక్షన్‌గా బయటినుంచి ఇస్తున్నారు, అది వచ్చిన కథ ఇదీ. 1977లో అమెరికా శాస్త్రవేత్త గోల్డ్‌వాసర్ బృందం మనుషుల ఈపీఓని మొదటిసారి శుద్ధి చేసింది. దానికోసం జపాన్ నుంచి మియాకే అనే డాక్టరు మూలుగ పనిచేయని రోగుల మూత్రం 2,550 లీటర్లు పోగుచేసి తెచ్చాడు, అలాంటి వాళ్ళ మూత్రంలో ఈ హార్మోన్ బాగా ఎక్కువుంటుంది కాబట్టి. తర్వాత ఈపీఓ జీన్ దొరికింది, 1989లో అమెరికాలో ఈపీఓ ఇంజెక్షన్‌కి అనుమతి వచ్చింది. అంతకుముందు డయాలసిస్ వాళ్ళకి పదేపదే రక్తం ఎక్కించడమే ఎక్కువగా ఉండేది.

ఇంజెక్షన్ ఒక్కటే సరిపోదు, లోపల ఐరన్ కూడా ఉండాలి. చిక్కేంటంటే ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ (బయటికి కనపడని లోపలి వాపు), ఇన్ఫెక్షన్ ఉంటే లివర్ హెప్సిడిన్ అనే పదార్థం ఎక్కువ వదులుతుంది, చెడిన కిడ్నీలు దాన్ని బయటికి పంపలేవు, అది పేగుల నుంచి ఐరన్ రాకుండా, నిల్వలో ఉన్నది బయటికి కదలకుండా ఆపేస్తుంది. అందుకే ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ టెస్టు బాగానే కనిపించినా వాడుకోడానికి ఐరన్ లేకుండా పోతుంది, వాడకానికి రక్తంలో ఐరన్ ఎంతుందో చెప్పే ట్రాన్స్‌ఫెరిన్ సాచురేషన్ కూడా చూడాల్సిందే, ఐరన్ మాత్రలు పనిచేయకపోతే నరంలోకి ఎక్కిస్తారు. మాత్రలు వాడేవాళ్ళు టీతో మాత్రం వేసుకోవద్దు, ఐరన్ పట్టదు.

ఇంకోటి, చాలామంది ఇక్కడే డాక్టర్ మీద కోపం తెచ్చుకుంటారు: హిమోగ్లోబిన్ 11 దగ్గరికి రాగానే ఇంజెక్షన్ డోస్ తగ్గించారేంటి, 14 దాకా తీసుకురావచ్చు కదా అని. 2006లోనూ 2009లోనూ వచ్చిన పెద్ద ట్రయల్స్‌లో హిమోగ్లోబిన్‌ని 13 దాకా పెంచినా గుండెకి మేలు కనపడలేదు, 2009 దాంట్లో అయితే పక్షవాతం దాదాపు రెట్టింపైంది. కాబట్టి మామూలుగా 10 నుంచి 11.5 మధ్య ఉంచుతారు, ఈ ఇంజెక్షన్‌తో బీపీ కూడా పెరగొచ్చు కాబట్టి అది చూసుకుంటూ ఉండాలి. ఇంజెక్షన్ ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల్లో ఉంచాలి, గడ్డకట్టనివ్వకూడదు, ఊపకూడదు. ఒంట్లో సొంత ఈపీఓనే పెంచే మాత్రలు కూడా వచ్చాయి, డెసిడుస్టాట్‌కి 2022లో మన దేశంలో అనుమతి ఇచ్చారు, ఎవరికి సరిపడుతుందో నెఫ్రాలజిస్ట్ (కిడ్నీ డాక్టర్) చెప్పాలి.

రక్తం ఎక్కించేస్తే ఒక్కరోజులో పనైపోతుంది కదా అనిపిస్తుంది, అత్యవసరమైతే తప్పదు కూడా. కానీ ముందు ముందు కిడ్నీ మార్పిడి చేయించుకోవాలనుకునే వాళ్ళకి ఇది నష్టం, ఎక్కించిన రక్తంలోని కణాల మీద ఒంట్లో యాంటీబాడీలు పుడితే రేపు తమ్ముడో అమ్మో కిడ్నీ ఇస్తామన్నా కలవకపోవచ్చు, అందుకే రక్తం బాటిల్ పెట్టించమని ఒత్తిడి చేసేముందు మార్పిడి ఆలోచన ఉందన్న సంగతి డాక్టర్‌కి చెప్పండి.