రెండు చిత్రాల మధ్య తేడా

గూఢచారి అనగానే మారువేషాలు, తీపి మాటలు, ఎక్కడికి వెళితే అక్కడివారిలో కలిసిపోయే నేర్పు గుర్తుకు వస్తాయి. ఆ లెక్కన, ఎదుటివారు నోటితో చెప్పకుండా ముఖంతో చెప్పేదాన్ని గ్రహించడం కష్టమయ్యే ఆటిజం ఉన్నవారికి ఈ వృత్తి పనికిరాదని తేల్చేయడం సులువు. అయితే నిఘా సంస్థల్లో పనిచేసేవారిలో చాలామందికి మారువేషం వేసే అవసరమే రాదు. కంప్యూటర్ ముందు కూర్చుని చిత్రాలనో, సంకేతాలనో, నివేదికలనో చదవడమే వారి పని.

ఇజ్రాయెల్ సైన్యంలోని 9900 విభాగం ఉపగ్రహాలూ విమానాలూ తీసిన చిత్రాలను పరిశీలిస్తుంది. ఒకే చోటును వేర్వేరు రోజుల్లో తీసిన రెండు చిత్రాలను పక్కపక్కన పెట్టుకుని, నిన్న లేని చక్రాల జాడ ఎక్కడ పడింది, ఏ షెడ్డు నీడ పొడవైంది అని కళ్లలో వత్తులు వేసుకుని వెతకాలి. నీడ పొడవైతే అది షెడ్డు ఎత్తు పెరగడం వల్లనా, చిత్రాన్ని పొద్దు వాలాక తీయడం వల్లనా అన్నదీ తేల్చాలి. చాలాసార్లు ఏమీ మారి ఉండదు, అయినా మర్నాడు మళ్లీ అంతే శ్రద్ధగా చూడాలి. ఆటిజం ఉన్న యువకులకు ఆ దేశంలో నిర్బంధ సైనిక సేవ నుంచి మినహాయింపు ఉంది. ఇష్టపడి వచ్చేవారికి ఈ పని నేర్పడానికి 2013 ప్రాంతంలో ‘రోయిమ్ రహోక్’ అనే కార్యక్రమం మొదలైంది.

దీని వెనుక కొంత శాస్త్రం ఉంది. పెద్ద బొమ్మలో దాగిన చిన్న ఆకారాన్ని పట్టుకోవడంలో ఆటిజం ఉన్న పిల్లలు ముందుంటారని మనస్తత్వ శాస్త్రవేత్తలు అమితా షా, ఊటా ఫ్రిత్ 1983లో చూపించారు. నాకు అంతకన్నా ఆసక్తికరంగా తోచింది బెనెడెట్టో డి మార్టినో బృందం 2008లో ప్రచురించిన ప్రయోగం. చేతిలో 50 పౌండ్లు పెట్టి, అందులో కొంత ఖాయంగా ఉంచుకుంటారా, మొత్తానికి జూదమాడతారా అని అడిగినప్పుడు, ఖాయమైన దారిని ‘20 మిగులుతాయి’ అని చెబితే చాలామంది వాటితో తృప్తిపడతారు, ‘30 పోతాయి’ అని చెబితే జూదానికి మొగ్గుతారు. రెండింటి అర్థమూ ఒకటే. ఆటిజం ఉన్నవారిలో మాటల తీరుకు లొంగే ఈ గుణం తక్కువగా కనిపించింది. పైవారు వినాలనుకునేదే నివేదికలో రాసే ప్రమాదం ఎప్పుడూ పొంచి ఉండే వృత్తిలో ఇది చిన్న సుగుణమేమీ కాదు.

అయితే ఇవన్నీ ప్రయోగశాలలోని సగటులు. ఆటిజం ఉన్న ప్రతివారికీ డేగ కళ్లుంటాయనుకోవడం, ఎవరికీ ఏదీ చేతకాదనుకున్నంత తప్పు. కొందరికి చిత్రాలంటే విసుగు. కొందరికి ట్యూబ్‌లైటు మిణుకుమంటే చాలు, ఆ పూట పని సాగదు. రహస్యం దాచడం వారికి కష్టమేమో అన్న అనుమానానికి మాత్రం ఆధారం బలహీనమని నా అభిప్రాయం, ఎందుకంటే ఏది బయట చెప్పకూడదో రాసిపెట్టిన నియమాన్ని పాటించడం, ఎవరూ పైకి చెప్పని మర్యాదను ఊహించి పాటించడం కన్నా తేలిక.

అసలు చిక్కు పనిలో కన్నా దాని గుమ్మం దగ్గరే ఎక్కువ. ఇంటర్వ్యూలో కళ్లలోకి చూడకపోతే ఏదో దాస్తున్నారనుకుంటారు. అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ వంటివి అబద్ధాలు పట్టడానికి వాడే పాలీగ్రాఫ్ యంత్రం కొలిచేది శ్వాస, చెమట, రక్తపోటు; అబద్ధం వల్ల కలిగే అలజడికీ, కొత్త గదిలో ఒంటికి పట్టీలు చుట్టించుకోవడం వల్ల కలిగే అలజడికీ అది తేడా చెప్పలేదు. ఉపగ్రహ చిత్రాలను చదివే అమెరికా సంస్థ ఎన్‌జీఏ 2020లో, నియామకం నుంచి శిక్షణ వరకు ఇటువంటి అభ్యర్థులకు అనువుగా మార్చి చూసే చిన్న ప్రయోగం ప్రకటించింది. అక్కడ ముందుగా మార్చవలసి వచ్చింది చిత్రాలను చదివే పద్ధతిని కాదు, మనుషులను ఎంచుకునే పద్ధతిని.