అబ్జర్వేషన్ రోజు గండం గట్టెక్కితే చాలా? టీచింగ్ ప్రాక్టీస్ మీద అపోహలు – వాస్తవాలు

గురువారం రాత్రి తొమ్మిదిన్నరకి ఫోను. మా బడికి ఇంటర్న్‌షిప్‌కి వస్తున్న బీఈడీ అమ్మాయి. "మాస్టారూ, రేపు కాలేజీ నుంచి మా మేడమ్ నా పాఠం చూసి మార్కులు వెయ్యడానికి, అబ్జర్వేషన్‌కి వస్తున్నారండి. తొమ్మిది 'ఎ' ఇప్పించండి. 'బి' అయితే నా పని అయిపోయినట్టేనండి."

ఎందుకని అడగలేదు. 'ఎ' సెక్షన్‌లో ఆ పాఠం అప్పటికే ఒకసారి చెప్పేసింది. ఏ ప్రశ్నకి ఎవరు చెయ్యెత్తాలో కూడా మాట్లాడేసుకుని ఉంటుంది. నాకెలా తెలుసంటే, ఆ పని నేనూ చేశాను గనక.

ఇరవై ఏళ్ళకి పైగా ఈ డెల్టా హైస్కూళ్ళలో భౌతికశాస్త్రం చెబుతున్నాను. ఇప్పుడున్నది నరసాపురం వైపు. ఏటా నలుగురైదుగురు ట్రైనీలు నా క్లాసులకి వస్తారు. కొందరు పాలకొల్లు నుంచి, కొందరు చించినాడ వంతెన దాటి రాజోలు వైపు నుంచి. మనుషులు మారతారు గానీ ఆ రాత్రి ఫోను మాత్రం ప్రతి ఏడాదీ వస్తుంది. అందుకే ఈ నాలుగు ముక్కలు.

అపోహ: అబ్జర్వేషన్ రోజు తప్పు దొరక్కుండా గడిస్తే టీచింగ్ ప్రాక్టీస్ సక్సెస్ అయినట్టే

మిగతావాటి కంటే దీనికే ఎక్కువ చోటు ఇస్తున్నాను. ఎక్కువమందిని ముంచేది ఇదే.

నేను బీఈడీ చేసిన రోజుల్లో కోర్సు ఏడాదే. రెండు మెథడ్లకీ (బోధించే సబ్జెక్టులకీ) కలిపి నలభై పాఠాలు చెప్పి, రికార్డులు అప్పగిస్తే అయిపోయేది. పరిశీలనకి సార్ వస్తారని తెలియగానే ముందు రోజు పిల్లల చేత మొత్తం రిహార్సల్ చేయించాను. గాలిలోని వాయువుల పాఠం. సార్ వచ్చి వెనక బెంచీలో కూర్చున్నారు. నేను "పిల్లలూ, గాలిలో..." అన్నానో లేదో, ముందు బెంచీ కుర్రాడు లేచి "నత్రజని, 78 శాతం సార్" అనేశాడు. ప్రశ్న ఇంకా నా నోట్లోనే ఉంది. సార్ నవ్వుకుని మార్కులు బాగానే వేశారు.

తర్వాత ఉద్యోగం వచ్చింది. మొదటి జూన్‌లో, ఏ రిహార్సలూ లేని అరవై మంది ముందు నిలబడ్డాను. ప్రశ్న వేస్తే ఒక్క చెయ్యి లేవలేదు. చెయ్యి లేవకపోతే ఏం చెయ్యాలో నాకు తెలీదు, ఎందుకంటే ట్రైనింగ్‌లో ఆ పరిస్థితి రాకుండా జాగ్రత్తపడ్డాను కదా! జవాబు నేనే చెప్పేశాను. ఆ ఏడాదంతా నా ప్రశ్నలకి నేనే జవాబులు చెప్పుకున్నాను. అడగడానికి వెనక బెంచీలో ఎవరూ లేరు. ఆ అరవై మందికి ఆ ఏడాది సైన్సు అలా పోయింది.

వాస్తవం ఏంటంటే, తప్పు చేసినా ఎవరి ఉద్యోగమూ పోని రోజులు, పక్కన కూర్చుని చూసే మనిషి దొరికే రోజులు మీ జీవితంలో ఇవే. టీచర్ల శిక్షణని చూసే జాతీయ మండలి ఎన్‌సీటీఈ 2014 నిబంధనలతో బీఈడీ రెండేళ్ళయింది. ఇంటర్న్‌షిప్ ఇరవై వారాలు: మొదటి ఏడాది నాలుగు, రెండో ఏడాది పదహారు. ఒక్క పీరియడ్ నాటకం ఆడడానికైతే అన్ని వారాలు దేనికి?

సూక్ష్మబోధన, అంటే కొద్ది నిమిషాల చిన్న పాఠం చెప్పి సాధన చెయ్యడం (మైక్రో టీచింగ్), అందరూ చేసే వస్తారు. 1960ల్లో స్టాన్‌ఫర్డ్‌లో పుట్టిన పద్ధతి. మన దేశంలో ఒక చక్రానికి 36 నిమిషాలని లెక్క పెట్టారు. ఆరు నిమిషాలు బోధన, ఆరు నిమిషాలు ప్రతిపుష్టి (ఫీడ్‌బ్యాక్), పన్నెండు నిమిషాలు పునఃప్రణాళిక, ఆరు పునర్బోధన, ఆరు మళ్ళీ ప్రతిపుష్టి. టీచర్ల అర్హత పరీక్ష టెట్‌లో బిట్టుగా వస్తుందని అందరూ బట్టీ పెడతారు. అందులో అన్నిటికంటే ఎక్కువ టైము దేనికిచ్చారో చూశారా? చెప్పడానికి కాదండీ, చెప్పింది ఎక్కడ తేడా కొట్టిందో చూసుకుని మళ్ళీ అల్లుకోవడానికి. మన కాలేజీల్లో ముందుగా కోత పడేది సరిగ్గా ఆ పన్నెండు నిమిషాలకే. "టైమైపోయింది, నెక్స్ట్ రోల్ నంబర్ రండి."

రెండు మూడేళ్ళ కిందటి సంగతి ఒకటి చెప్తాను. రాజోలు వైపు ట్రైనీ కుర్రాడు, కొబ్బరితోటల మధ్య పెరిగినవాడు. పదో తరగతికి ఆమ్లాలు, క్షారాలు చెబుతున్నాడు. పీహెచ్ స్కేలు బోర్డు మీద చక్కగా గీశాడు, సున్నా నుంచి పద్నాలుగు దాకా రంగు సుద్దలతో. మూడో బెంచీలోంచి ఒక పిల్లాడు లేచాడు. వాళ్ళ నాన్న రొయ్యల చెరువు చేస్తాడు. "సార్, మా చెరువులో పొద్దున్న చూస్తే ఏడున్నర ఉంటదండి, మధ్యాహ్నం చూస్తే ఎనిమిదిన్నర దాటుద్దండి. రెండిట్లో ఏది కరెక్టండి?"

మా వాడు ఒక్క క్షణం బిగుసుకుపోయాడు. "అది మన సిలబస్‌లో లేదు, కూర్చో" అన్నాడు. పిల్లాడు కూర్చున్నాడు. పాఠం గంట కొట్టేలోపు పూర్తయింది, మూల్యాంకన ప్రశ్నలతో సహా. పీరియడ్ ప్లాన్‌లో రాసింది రాసినట్టు జరిగింది.

లీజర్ పీరియడ్‌లో ల్యాబ్‌లో కూర్చున్నాం. ఎలా జరిగిందని అడిగితే "బాగా వచ్చిందండి" అన్నాడు. ఆ చెరువు పిల్లాడి మాట ఎత్తగానే తల దించుకున్నాడు. "నాకు తెలీదండి మాస్టారూ. తెలీదంటే క్లాసులో లోకువైపోతానేమోనని..."

అదీ అసలు భయం. ఆ భయాన్ని నేను తప్పుపట్టను. ఇరవై రెండేళ్ళ కుర్రాడు, పిల్లలేమో "ట్రైనింగ్ సారే కదా, మార్కులు వెయ్యరులే" అని గుసగుసలాడుతుంటారు. ఎవరికైనా కాళ్ళు వణుకుతాయి.

ఆ పిల్లాడు అడిగింది నిజానికి పదో తరగతిలో అడగగలిగిన అతి మంచి ప్రశ్న. పగలు ఎండకి చెరువు నీటిలోని నాచు, ప్లాంక్టన్ కార్బన్ డయాక్సైడ్‌ని లాగేసుకుంటాయి, పీహెచ్ పెరుగుతుంది. రాత్రి కిరణజన్య సంయోగక్రియ ఉండదు, చెరువులో ప్రతి జీవీ ఊపిరి మాత్రం వదులుతూనే ఉంటుంది. ఆ కార్బన్ డయాక్సైడ్ నీటిలో కరిగి కార్బానిక్ ఆమ్లమవుతుంది, తెల్లారేసరికి పీహెచ్ తగ్గుతుంది. రెండూ కరెక్టే. బయాలజీ, కెమిస్ట్రీ, వాళ్ళ నాన్న పెట్టుబడి, మూడూ ఒక్క ప్రశ్నలో ఉన్నాయి.

మర్నాడు ఆ కుర్రాడు క్లాసుకెళ్ళి "నిన్న నువ్వడిగినదానికి నాకు జవాబు తెలీదు, రాత్రి చదువుకున్నాను" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. పిల్లాడి చేత మూడు రోజులు చెరువు గట్టు మీద కిట్‌తో ఉదయం ఆరింటికి, మధ్యాహ్నం మూడింటికి రీడింగులు రాయించాడు. ఆ కాగితం తెచ్చిన రోజున సున్నపు తేటలో, క్షారంలో గులాబీ రంగుకి తిరిగే ఫినాఫ్తలీన్ చుక్క వేసి, గులాబీ రంగు వచ్చాక స్ట్రాతో ఊదమన్నాడు. (ఊదమనాలి, పీల్చకుండా దగ్గరే నిలబడాలి.) పిల్లలు బుగ్గలు నొప్పెట్టేలా ఊదారు, రంగు పోలేదు. క్లాసంతా గోల. సున్నపు తేట మరీ చిక్కగా తీసుకున్నాడు, అంతే. సాయంత్రం మళ్ళీ ఇద్దరం కూర్చున్నాం. 'బి' సెక్షన్‌కి గ్లాసుడు నీళ్ళలో సున్నపు తేట నాలుగు చుక్కలే వేశాడు. పది ఊపిర్లకి గులాబీ రంగు మాయం. "అంటే మనం ఊదింది రాత్రి పూట చెరువన్నమాట" అని ఒక అమ్మాయి తనంతట తనే అంది.

చెడిపోయిన పీరియడ్‌కి అదే రోజు, ఇంకో మనిషితో కలిసి వెనక్కి వెళ్ళడం, మళ్ళీ చెప్పడం. నేను చూసినంతలో ట్రైనీ టీచరుగా మారేది ఇక్కడే. ఆ కుర్రాడు ఆ వారంలో నేర్చుకున్నది మిగతా పదిహేను వారాల్లో నేర్చుకున్నాడో లేదో నాకు అనుమానమే.

అపోహ: చెబుతూ పోతే అదే వస్తుంది

రాదు. ఇరవై ఏళ్ళ అనుభవమని చెప్పుకునేవాళ్ళలో ఒకే ఏడాదిని ఇరవైసార్లు చేసినవాళ్ళు కనబడతారు. నేనూ కొన్నేళ్ళు ఆ బాపతే.

ట్రైనీల రిఫ్లెక్టివ్ డైరీలు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. "ఈ రోజు పాఠం బాగా జరిగింది. విద్యార్థులు ఉత్సాహంగా పాల్గొన్నారు." మర్నాడూ అదే. ఒకరి డైరీలో ఏకంగా మా బడికి సెలవు ఇచ్చిన రోజున కూడా విద్యార్థులు ఉత్సాహంగా పాల్గొన్నారు! ఇప్పుడు నా దగ్గరికి వచ్చినవాళ్ళని రోజుకి ఒక్క వాక్యమే రాయమంటాను: ఏ పిల్ల, ఏ నిమిషంలో, ఏమంది, నేనేం చేశాను. అంతే. మొదటి వారం రాయలేరు, ఎందుకంటే గుర్తుండదు. పాఠం చెబుతున్నప్పుడు కళ్ళు ప్లాన్ మీద ఉంటాయి, పిల్లల మీద ఉండవు. మూడో వారానికి వాక్యాలు వస్తాయి.

నేను వెనక బెంచీలో కూర్చుని చూసేది ఒకటే ఒకటి, వాచీ. ప్రశ్న వేశాక ఎన్ని సెకన్లు ఆగారు? మేరీ బడ్ రో అనే ఆవిడ 1970ల్లోనే చూపించారు, టీచర్లు సగటున ఒక్క సెకను మించి ఆగరని, మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడుగవుతాయని, ఎక్కువమంది నోరు విప్పుతారని. మూడు సెకన్లు వినడానికి చిన్నదే. కొత్తగా నిలబడ్డవాళ్ళకి మాత్రం ఆ మౌనం ఏటిగట్టు తెగుతున్నట్టే ఉంటుంది.

మీ గైడ్ టీచరు స్టాఫ్ రూమ్ దాటి రాకపోతే? చాలాచోట్ల జరిగేదే. మిమ్మల్ని క్లాసుకి తోసేసి ఆయన పేపర్లు దిద్దుకుంటారు. నాకూ సిగ్గేస్తుంది గానీ నిజం. అప్పుడు తోటి ట్రైనీని కూర్చోబెట్టండి. చేతికి చీటీ ఇచ్చి "నేను ఎవరెవరిని పలకరించానో గీతలు పెట్టు" అనండి, చాలు. ముందు బెంచీల దగ్గరే గీతలన్నీ ఉంటే మీకే తెలుస్తుంది.

మిగతావి గబగబా

"రికార్డు నీటుగా ఉంటే మార్కులు." ఉంటాయి, కాదనను. థర్మోకోల్, గ్లిట్టర్, చార్టులకి వేలు పోసి షాపుల్లో చేయించేవాళ్ళున్నారు. అమ్మానాన్నలు అప్పు చేసి పంపితే ఆ డబ్బు అలా తగలెయ్యకండి. కొబ్బరి చిప్ప, స్ట్రా, సున్నం చాలు.

"గట్టిగా అరవకపోతే, చేతిలో కర్ర లేకపోతే క్లాసు నిలవదు." విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. ఎవరో సీనియర్ కర్ర చేతిలో పెడితే తీసుకోకండి. అరిస్తే రెండో వారానికి గొంతు పోతుంది, అంతకు మించి ఏమీ రాదు.

"బీఈడీ ఉంటే ఎస్‌జీటీకి (ప్రాథమిక బడి టీచరు పోస్టుకి) కూడా రాసుకోవచ్చట, మళ్ళీ మార్చారట." ఈ 'అట'లతో వేగలేకపోతున్నాను. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తేల్చేసింది, ప్రాథమిక తరగతులకి బీఈడీ అర్హత కాదని. వాట్సాప్‌లో వచ్చిన ప్రతి స్క్రీన్‌షాటూ నాకు పంపకండి, దండం పెడతాను.

"సంతకం పెట్టేస్తే రాకపోయినా పర్వాలేదు కదా మాస్టారూ?" నాన్-అటెండింగ్ బేరం. నేను పెట్టను. నాకంటే మెతక మనిషి దొరుకుతాడు మీకు, అది వేరే విషయం.

"ఆ పదహారు వారాలు అవనిగడ్డ వెళ్ళి డీఎస్సీ కోచింగ్ తీసుకుంటే నయం." దీని దగ్గర మాత్రం నేను కోప్పడలేను. 2018 తర్వాత మళ్ళీ టీచరు ఉద్యోగాల భర్తీకి పెద్ద డీఎస్సీ 2025లో గానీ రాలేదు, 16,347 పోస్టులతో. ఎదురుచూసి ఎదురుచూసి వయసు మీద పడ్డవాళ్ళు, పెళ్ళి వాయిదా వేసుకున్నవాళ్ళు నా ట్రైనీల్లోనే ఉన్నారు. ఎంపికలో టెట్ మార్కుల వెయిటేజీ 20 శాతం, మిగతాది డీఎస్సీ పరీక్ష, ఇంటర్న్‌షిప్‌కి అందులో ఒక్క మార్కూ లేదు. కాబట్టి వాళ్ళ లెక్క తప్పని ఎలా అనను? నేను అనేదల్లా, సాయంత్రం చదవండి, పగలు క్లాసులో ఉండండి. మెథడాలజీ బిట్లు కూడా క్లాసులో నిలబడ్డవాళ్ళకే తొందరగా ఎక్కుతాయి.

ఇంతకీ ఫోను చేసిన అమ్మాయి. 'ఎ' ఇవ్వనన్నాను. ఏడ్చినంత పని చేసింది. "మేడమ్‌తో నేను మాట్లాడతాలే, 'బి'లోనే చెప్పు, ఏం కాదు" అని సర్దిచెప్పాను.

నిన్న మూడో పీరియడ్. ధ్వని పాఠం. మేడమ్ కిటికీ పక్కన కూర్చున్నారు, నేను వెనకాల. పదిహేడో నిమిషంలో అడిగింది, "నీళ్ళలోంచి శబ్దం ప్రయాణిస్తుందా?" క్లాసంతా నిశ్శబ్దం. వాచీ చూశాను. మూడు, నాలుగు, అయిదు... చేతిలో సుద్దముక్క విరిగిపోయేలా పట్టుకుంది గానీ నోరు మెదపలేదు. ఏడో సెకనుకి చివరి బెంచీలోంచి ఒక గొంతు: "వెళ్ళదండి. కాలవలో మునిగితే గట్టు మీదోళ్ళు అరిసినా ఇనపడదండి."

తప్పు జవాబు. మేడమ్ ఏదో రాసుకున్నారు. ఈ అమ్మాయి "తప్పు, కూర్చో" అనలేదు. "నువ్వు చెప్పింది నిజమే, నాకూ వినపడదు. మరి ఎందుకో సోమవారం చూద్దాం" అంది.

సాయంత్రం ల్యాబ్‌కి వచ్చి అడిగింది, బడిలో పెద్ద బకెట్టు ఎక్కడుంటుందని. రాళ్ళు రెండు తనే తెస్తుందట, నీళ్ళలో కొట్టించి, బకెట్టు గోడకి చెవి ఆనించి వినిపించడానికి.