అప్పటికే రైలు వెళ్ళిపోయింది

చిరంజీవులు పిల్లలందరికీ ఆశీస్సులు.

ఇంగ్లీషు వ్యాకరణంలో పాస్ట్ పర్‌ఫెక్ట్ అనగానే మీలో చాలామంది ‘హ్యాడ్ ప్లస్ వీ త్రీ’, అంటే హ్యాడ్ పక్కన క్రియ మూడో రూపం, అని గడగడా అప్పజెబుతారు. అది తప్పు కాదు. కాకపోతే ఆ సూత్రం వాక్యాన్ని ఎలా కట్టాలో చెబుతుంది గాని, ఎప్పుడు కట్టాలో చెప్పదు. అది ఎవరూ చెప్పకపోయేసరికి మీకు మీరే ఇంకో సూత్రం అల్లుకుంటారు: నిన్నామొన్నటి సంగతైతే మామూలు పాస్ట్, బాగా పాత సంగతైతే హ్యాడ్. ముందు దీన్ని మనసులోంచి తుడిచేయండి. డైనోసార్లు అంతరించి దాదాపు 6.6 కోట్ల ఏళ్ళయింది. అంత పాత సంగతికీ ఇంగ్లీషులో ‘డైనోసార్స్ డైడ్ అవుట్’ అంటే చాలు, హ్యాడ్ అక్కర్లేదు. అదే ఐదు నిమిషాల కిందటి సంగతికి హ్యాడ్ కావలసి రావచ్చు: ‘వెన్ ఐ ఓపెన్డ్ ద ఫ్రిజ్, మై బ్రదర్ హ్యాడ్ ఫినిష్డ్ ద ఐస్‌క్రీమ్.’

ఇక్కడ చూడవలసింది సంగతి ఎంత పాతదన్నది కాదు, రెండు గతాలు ఉన్నాయా లేవా అన్నది. ఒక గతంలో మీరు నిలబడాలి. అక్కడి నుంచి ఇంకా వెనక్కి చూడాలి. మీరు నిలబడ్డ చోటికి మామూలు పాస్ట్, వెనక కనిపించినదానికి హ్యాడ్. ఫ్రిజ్ తెరిచిన క్షణం మీరు నిలబడ్డ చోటు. తమ్ముడి ఘనకార్యం అంతకుముందే అయిపోయింది.

తెలుగులో ఈ పనికి క్రియ రూపం మార్చనక్కర్లేదు. ‘నేను స్టేషన్‌కు చేరేసరికి అప్పటికే రైలు వెళ్ళిపోయింది’ అంటాం. నిన్న వెళ్ళినా, నేను చేరకముందు వెళ్ళినా ‘వెళ్ళిపోయింది’ అన్న మాట అదే. ముందువెనకల సంగతంతా ‘అప్పటికే’ మోస్తుంది. ఇంగ్లీషు ఆ బరువును క్రియ మీదే పెట్టింది. ‘వెన్ ఐ రీచ్డ్ ద స్టేషన్, ద ట్రెయిన్ హ్యాడ్ లెఫ్ట్’ అంటే ప్లాట్‌ఫారం ఖాళీ. హ్యాడ్ తీసేసి ‘ద ట్రెయిన్ లెఫ్ట్’ అన్నారనుకోండి, మీరు అడుగుపెట్టారు, మీ కళ్ళ ముందే రైలు కదిలింది అని అర్థం. పరుగెత్తితే ఆఖరి పెట్టె అందేదేమో!

అందుకని ఒక చిన్న పరీక్ష పెట్టుకోండి. మీరు చెప్పబోయే మాట ముందు తెలుగులో అనుకుని, అందులో ‘అప్పటికే’ గాని ‘అంతకుముందే’ గాని ఇమిడిపోతుందేమో చూడండి. ఇమిడితే హ్యాడ్‌కు చోటుంది. ‘నిన్న నేను విజయవాడ వెళ్ళాను’ అన్న వాక్యంలో ‘అప్పటికే’ పెట్టబోతే ‘ఎప్పటికి?’ అన్న ప్రశ్న వస్తుంది. రెండో సంఘటనే లేదు కదా! అయినా మనవాళ్ళు ‘ఐ హ్యాడ్ గాన్ టు విజయవాడ యెస్టర్‌డే’ అని తరచుగా అంటుంటారు. హ్యాడ్ ఉంటే ఇంగ్లీషు కాస్త పెద్దమనిషి తరహాగా వినిపిస్తుందన్న భ్రమ కూడా దీనికి ఒక కారణం అనిపిస్తుంది. వినేవాడు మాత్రం ‘అయితే ఆ తరవాత ఏమైంది?’ అని ఎదురుచూస్తూ ఉండిపోతాడు. అక్కడ ‘ఐ వెంట్’ అంటే చాలు.

‘వెన్’ ఉన్న వాక్యాల దగ్గరే ఎక్కువగా పొరపడతారు, కాబట్టి ఇంకొంచెం ఆగుదాం. ‘వెన్ అంకుల్ కేమ్, వుయ్ ఏట్’ అంటే మావయ్య వచ్చాక అందరూ కూర్చుని భోంచేశారు. ‘వుయ్ వర్ ఈటింగ్’ అంటే ఆయన వచ్చేసరికి మీరు విస్తళ్ళ ముందు ఉన్నారు, చేతికి ఇంకా పప్పన్నం అంటుకునే ఉంది. ‘వుయ్ హ్యాడ్ ఈటెన్’ అంటే గిన్నెలు కడిగేశారు, పాపం మావయ్య ఒక్కడే తినాలి. మొదటి సగం మూడింట్లోనూ ఒకటే. మావయ్యకు తోడు ఎవరున్నారో రెండో సగంలో క్రియే చెప్పాలి.

అదే ‘బిఫోర్’, ‘ఆఫ్టర్’ ఉంటే ఏది ముందో ఆ మాటలే చెప్పేస్తాయి. ‘ఆఫ్టర్ షీ ఫినిష్డ్ హర్ హోమ్‌వర్క్, షీ వెంట్ అవుట్ టు ప్లే’ నిక్షేపంలాంటి వాక్యం. ‘హ్యాడ్ ఫినిష్డ్’ అన్నా తప్పులేదు. పరీక్షలో మాత్రం పాస్ట్ పర్‌ఫెక్ట్ వాడమని ప్రత్యేకంగా అడిగితే వాడేయండి, వాదించకండి.

తెలుగువాళ్ళకు ఎదురయ్యే చిక్కు ఇంకొకటుంది. మనకు తిని, కడుక్కుని, చూసి లాంటి అసమాపక క్రియలు ఉన్నాయి. ‘అన్నం తిని, చేతులు కడుక్కుని, బడికి వెళ్ళాను’ అంటాం. తినడం ముందు జరిగింది కదా అని దీన్ని ‘ఐ హ్యాడ్ ఈటెన్, హ్యాడ్ వాష్డ్ మై హ్యాండ్స్ అండ్ వెంట్ టు స్కూల్’ అని రాస్తారు. అక్కర్లేదు. జరిగిన వరసలోనే చెబుతుంటే అన్నీ మామూలు పాస్టే: ‘ఐ ఏట్, వాష్డ్ మై హ్యాండ్స్ అండ్ వెంట్ టు స్కూల్.’ వరస తిరగబడ్డప్పుడే, అంటే ముందు జరిగినదాన్ని తరవాత చెప్పవలసి వచ్చినప్పుడే హ్యాడ్ అవసరం పడుతుంది. ‘హి గాట్ ఆన్ ద బస్ అండ్ బాట్ ఎ టికెట్. దెన్ హి రిమెంబర్డ్ దట్ హి హ్యాడ్ నాట్ లాక్డ్ ద డోర్.’ తాళం సంగతి టికెట్ కంటే ముందుది, గుర్తొచ్చింది మాత్రం తరవాత.

చరిత్ర పాఠం నుంచి ఒకటి తీసుకుందాం. పొట్టి శ్రీరాములు గారు 1952 డిసెంబరు 15న కన్నుమూశారు. ఆంధ్ర రాష్ట్రం 1953 అక్టోబరు 1న ఏర్పడింది. మొదటి సంగతి ఒక్కటే చెబితే ‘హి డైడ్ ఇన్ 1952’. అదే రాష్ట్రం ఏర్పడిన రోజు దగ్గర నిలబడి చెబితే ‘వెన్ ఆంధ్రా స్టేట్ వాజ్ ఫార్మ్‌డ్, హి హ్యాడ్ ఆల్‌రెడీ డైడ్’. సంఘటన మారలేదు, తేదీ మారలేదు. మీరు నిలబడ్డ చోటు మారింది, అంతే. టెన్సింగ్ నార్గే 1953 మే 29న ఎవరెస్ట్ ఎక్కిన సంగతి కూడా అలాగే చెప్పవచ్చు. అంతకుముందు ఆరుసార్లు ఆ కొండ మీదికి వెళ్ళివచ్చాడు కాబట్టి ‘హి హ్యాడ్ ట్రైడ్ సిక్స్ టైమ్స్ బిఫోర్’ అనాలి.

ఇక రూపం దగ్గర జరిగే తప్పులు. హ్యాడ్ పక్కన మూడో రూపమే రావాలి. హ్యాడ్ వెంట్ కాదు, హ్యాడ్ గాన్. హ్యాడ్ ఏట్ కాదు, హ్యాడ్ ఈటెన్. డ్రాంక్ కాదు డ్రంక్, సా కాదు సీన్. కమ్, రన్ మాత్రం మూడో రూపంలో మళ్ళీ మొదటికే వస్తాయి: హ్యాడ్ కమ్, హ్యాడ్ రన్. ఐ, హి, దే ఏది వచ్చినా హ్యాడ్ మారదు, ఆ ఒక్క సుఖం ఉంది. కాదనడానికి ‘హ్యాడ్ నాట్’ అంటే సరిపోతుంది. ‘డిడ్ నాట్ హ్యాడ్’ అనే మాటే ఇంగ్లీషులో లేదు. రెండు పనులను ‘అండ్’ కలిపినప్పుడు హ్యాడ్ ఒకసారి చాలు, కానీ రెండో క్రియ కూడా మూడో రూపంలోనే ఉండాలి.

‘షీ హ్యాడ్ హ్యాడ్ హర్ లంచ్’ అని చూస్తే అచ్చుతప్పు అనుకోకండి. మొదటి హ్యాడ్ సాయానికి వచ్చింది, రెండోది తిన్నదని చెప్పే అసలు క్రియ. మాటల్లో హ్యాడ్ కుంచించుకుపోయి ఒట్టి ‘డ్’ మిగులుతుంది. వుడ్ కూడా అలాగే కుంచించుకుపోతుంది. అప్పుడు పక్క మాట చూడండి: ‘ఐడ్ గాన్’ అంటే హ్యాడ్, ‘ఐడ్ గో’ అంటే వుడ్.

పరీక్షల్లో తరచూ వచ్చే ‘నో సూనర్’ గురించి ఒక్క మాట. ‘గంట మోగిందో లేదో పిల్లలు బయటికి పరుగెత్తారు’ అనడానికి ఇది. ‘నో సూనర్ హ్యాడ్ ద బెల్ రంగ్ దాన్ ద చిల్డ్రన్ ర్యాన్ అవుట్.’ హ్యాడ్ కర్తకు ముందు దూకింది చూశారా? దీనికి జోడీ ‘దాన్’. ‘హార్డ్‌లీ’కి జోడీ ‘వెన్’. ఈ జోడీలు తారుమారైతే మార్కులు పోతాయి.

జరగని పని గురించి చెప్పేటప్పుడు కూడా హ్యాడ్ వస్తుంది. ‘నాకు తెలిసి ఉంటే వచ్చి ఉండేవాణ్ణి’ అన్నదానికి ‘ఇఫ్ ఐ హ్యాడ్ నోన్, ఐ వుడ్ హ్యావ్ కమ్’. మన ‘ఉంటే’ ఉన్న చోట హ్యాడ్, ‘ఉండేవాణ్ణి’ ఉన్న చోట వుడ్ హ్యావ్. ‘ఇఫ్’ వైపు మాత్రం వుడ్ పెట్టకండి.

కథలు రాసే పిల్లలకు ఒక చిట్కా. కథ మధ్యలో పాత సంగతి చెప్పవలసి వస్తే మొదటి ఒకటి రెండు వాక్యాల్లో హ్యాడ్ పెట్టి, తరవాత మామూలు పాస్ట్‌లోకి దిగిపోండి. పాఠకుడికి మీరు వెనక్కి వెళ్ళారని తెలిసిపోయింది, ప్రతి క్రియకూ హ్యాడ్ తగిలిస్తే వాక్యాలు కుంటుతాయి. మళ్ళీ అసలు కథలోకి వచ్చేటప్పుడు ‘నౌ’ లాంటి ఒక మాట వేస్తే చాలు.

ఈ నాలుగు ముక్కల్లో కావాలనే హ్యాడ్ తీసేశాను, సరిచేసి పంపండి: ‘వుయ్ రీచ్డ్ ద టెంపుల్ ఎట్ నైన్. ద ప్రీస్ట్ లాక్డ్ ద డోర్స్ అండ్ వెంట్ హోమ్. వుయ్ శాట్ అండర్ ఎ ట్రీ. వుయ్ ఏట్ ద పులిహోర దట్ అమ్మ మేడ్ ద నైట్ బిఫోర్.’ నా లెక్కకు హ్యాడ్ రెండు చోట్లే పడుతుంది. దానివల్ల ఒక క్రియ రూపం కూడా మారుతుంది. అదేదో జవాబులో రాయండి.

ఆశీస్సులతో,
తాతయ్య